మబ్బుల డైరీ: ముందు చూడాలి, తర్వాత గీయాలి, పేరు ఆఖర్న

1వ రోజు

పదకొండు మంది పిల్లలు, ఐదేళ్ళ నుంచి ఏడేళ్ళ మధ్య. మూడు వారాలు రోజూ అరగంట ఆకాశం చూడటం, చూసింది గీయడం, ప్లాన్ ఇంతే. మొదటిరోజు మాత్రం కావాలనే బయటికి తీసుకెళ్ళలేదు, కర్టెన్లు వేసేసి తలా ఒక తెల్ల కాగితం ఇచ్చి "ఒక మబ్బు గీయండి" అన్నాను. పదకొండు కాగితాల్లోనూ ఒకటే బొమ్మ వచ్చింది, ఐదారు గుండ్రాలు కలిపి చుట్టూ నీలం గీత, లోపల ఖాళీ, పేజీ పైఅంచుకి అతికించినట్టు ఉంటుంది, పక్కన మూలలోంచి గీతలు గీతలుగా సూర్యుడు. ఇద్దరు మబ్బుకి కళ్ళూ నవ్వూ కూడా పెట్టారు. ఆకాశాన్ని తెల్లగా వదిలేసి మబ్బుకి నీలం వేశారు, అంటే రంగులు తిరగబడ్డాయి, ఒక్కళ్ళకీ అనుమానం రాలేదు.

ఆ బొమ్మ తప్పు అని నేను అనను. అది మబ్బుకి గుర్తు, "అ" రాయడం నేర్చుకున్నట్టే దాన్నీ నేర్చుకున్నారు. కానీ గుర్తు వచ్చేశాక ఇంక పైకి చూడాల్సిన పని ఉండదు కదా, నాకు బాధ అక్కడ. అందుకే ఒక రూల్ పెట్టుకున్నా, మూడో వారం దాకా ఒక్క మబ్బు పేరు కూడా నా నోట్లోంచి రాకూడదు. పేరు ముందు చెప్పేస్తే పిల్లలు పేరు పట్టుకుని కూర్చుంటారు, మబ్బు జోలికి పోరు. కాగితాల వెనక తేదీ వేసి ఫైల్లో దాచేశాను.

2వ రోజు

బయటికొచ్చాం. అన్నిటికంటే ముందు సూర్యుడి సంగతి. బిల్డింగ్ నీడలో, సూర్యుడికి వీపు పెట్టి నిలబడాలి, అటు చూడకూడదు, మధ్యలో పల్చటి మబ్బు అడ్డం ఉన్నా చూడకూడదు, నిజానికి అప్పుడే ఎక్కువ ప్రమాదం ఎందుకంటే కంటికి మంట తెలీదు, చూస్తూ ఉండిపోతారు. బైనాక్యులర్స్ వద్దే వద్దు. కింద అద్దం పెట్టి అందులో ఆకాశం చూపిద్దామని మొదట అనుకున్నా, అద్దం కొంచెం వంగినా ఎండ సూటిగా కళ్ళల్లోకి కొడుతుంది, అందుకని అదీ మానేశా. ఈ రూల్ రోజూ బయటికొచ్చే ముందు పిల్లల చేతే చెప్పిస్తున్నా.

ఆకాశం చూడమంటే పది సెకన్లు చూసి "అయిపోయింది టీచర్" అన్నారు. వాళ్ళ తప్పేం లేదు, అంత పెద్ద ఆకాశంలో ఎక్కడ చూడాలో ఎవరికి తెలుస్తుంది. పాత అట్టపెట్టెలు కోసి ఒక్కొక్కరికి ఒక కిటికీ చేశాను, చేతివెడల్పు ఖాళీ మధ్యలో, చుట్టూ అట్ట. చెయ్యి చాచి పట్టుకుని అందులోంచి చూడాలి. అంతే, గొడవ తగ్గిపోయింది. ఎవరి కిటికీలో ముక్క వాళ్ళది, "నాదాంట్లో తోక వచ్చింది", "నాదాంట్లో ఏం లేదు" అని చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఈ అట్టముక్క లేకపోతే ప్రాజెక్టు ముందుకి వెళ్ళేది కాదు, ఎవరైనా చేయాలనుకుంటే మొదట ఇదే చేసుకోండి.

3, 4 రోజులు

రెండు ఇబ్బందులు ఒకేసారి వచ్చాయి. ఒకటి, మబ్బు ఆగదు. పెన్సిల్ చెక్కుకుని తల ఎత్తేసరికి అది ఇంకోలా ఉంటుంది, ఒక పాపకి ఏడుపు వచ్చేసింది, "నా మబ్బు పాడైపోయింది" అని. చిన్న చిన్న కుప్పల్లా ఉండే మబ్బులు చాలావరకు పావుగంటో అరగంటో ఉండి కరిగిపోతాయి, పాత చోటే కొత్తది పుడుతుంది, పొద్దున చూసిన మబ్బు సాయంత్రం దాకా అలా ప్రయాణం చేస్తూ ఉంటుందని పెద్దవాళ్ళం కూడా అనుకుంటాం కానీ అది నిజం కాదు. అందుకని పద్ధతి మార్చాను. కాగితాన్ని నాలుగు గళ్ళుగా మడిచి, ఒకే మబ్బుని ఐదేసి నిమిషాలకి ఒకసారి, గడికి ఒకటి చొప్పున గీయడం. చూసేటప్పుడు పెన్సిల్ కింద పెట్టేయాలి, నిదానంగా యాభై అంకెలు లెక్కపెట్టేదాకా చూడాలి, కళ్ళు మూసుకోవాలి, కళ్ళు మూసుకున్నాక కూడా ఏం కనిపిస్తోందో అదే గీయాలి. ఏడ్చిన పాప నాలుగో గడి ఖాళీగా వదిలి "ఇక్కడ అయిపోయింది" అని చూపించింది. నాకు ఆ ఖాళీ గడి చాలా నచ్చింది, గోడకి అదే పెట్టాను.

రెండో ఇబ్బంది కాగితం. తెల్ల కాగితం మీద తెల్ల మబ్బు ఎలా గీస్తారు, అందుకే కదా నీలం గీత వచ్చేది. నీలం చార్ట్ కాగితం, బూడిదరంగు కాగితం ముక్కలు చేసి ఇచ్చి, తెల్ల సుద్దముక్క ఇచ్చాను, గీత గీయొద్దు, సుద్దని పడుకోబెట్టి రుద్ది వేలితో పూయండి అన్నాను. గీత పోయింది, అంచులు మసకబారాయి, మొదటిసారి కాగితం మీద ఉన్నది ఆకాశంలో ఉన్నదానికి చుట్టంలా కనిపించింది.

దూది గురించి ఒక మాట. మబ్బుల పాఠం అనగానే అందరం దూది అతికిస్తాం, నేనూ తెచ్చాను, సగంలో తీసి దాచేశాను. దూది అతికిస్తే మళ్ళీ అవే గుండ్రాలు వస్తున్నాయి, పైగా ఒకడు మబ్బు ముట్టుకుంటే మెత్తగా ఉంటుందని గట్టిగా నమ్మేశాడు. మబ్బంటే నీటిబొట్లు, లేదా మంచు ముక్కలు, ముట్టుకుంటే చెయ్యి తడుస్తుంది, మెత్తగా ఏం తగలదు. దూదిపింజల్లాంటి మబ్బులు అని మాటల్లో అనుకోవచ్చు కానీ చేతికి దూది ఇచ్చేస్తే ఆ పోలికే నిజమై కూర్చుంటుంది.

6వ రోజు

ఇది బాగా వివరంగా రాయాలి.

ఆకాశం మొత్తం ఒకే తీరుగా మూసుకుపోయింది, ఎక్కడా అంచు లేదు, నీలం చుక్క లేదు. బయటికి రాగానే ముగ్గురు నలుగురు ఒకేసారి "ఈరోజు మబ్బుల్లేవు టీచర్, తెల్లగా ఉంది" అన్నారు. ఒక్క క్షణం నాకు ఏం అనాలో తెలీలేదు. ఆలోచిస్తే వాళ్ళ లెక్క కరెక్టే, మబ్బంటే అంచులున్న ఒక వస్తువు అని వాళ్ళకి తెలుసు, అంచు లేకపోతే వస్తువే లేదు. మన భాషలో "మబ్బు పట్టింది" అంటాం కదా, పట్టడం అంటే అంతా కమ్మేయడం, ఆ మాట రోజూ వింటారు కానీ దానికి బొమ్మ ఎప్పుడూ గీయలేదు.

సమాధానం చెప్పకుండా "అయితే సూర్యుడు ఏడి?" అని అడిగాను. వెతికారు, దొరకలేదు. "నీడలు ఏవి?" కింద చూసుకున్నారు, నీడల్లేవు. అప్పుడు ఒక పిల్లాడు చాలాసేపు ఊరుకుని "మనం మబ్బు కింద ఉన్నాం" అన్నాడు. అది విన్నాక మిగతావాళ్ళు మళ్ళీ పైకి చూసిన తీరు వేరే. ఒకావిడ దుప్పటి తీసుకొస్తే నలుగురు నాలుగు మూలలూ పట్టుకున్నారు, మిగతావాళ్ళు కింద దూరి పైకి చూశారు, అంచు కనపడట్లేదు, వెలుతురు మాత్రం వస్తోంది. బయట నుంచి చూస్తే దుప్పటి, లోపల నుంచి చూస్తే ఆకాశం. ఆరోజు నుంచి దాని పేరు దుప్పటి మబ్బు, పేరు పెట్టింది వాళ్ళే.

గీయడానికి బూడిదరంగు కాగితం మొత్తం సుద్దతో అడ్డంగా పూసేశారు. అంచులు వదలకుండా పూసిన వాళ్ళని నేను మెచ్చుకోలేదు, పక్కవాళ్ళే "నీది నిజంగా పట్టింది" అని మెచ్చుకున్నారు.

8వ రోజు

కింద గీత దొరికింది! నేను చూపించలేదు, ఆరేళ్ళ పాప కనిపెట్టింది. కుప్పల్లాంటి మబ్బులు దూరంగా వరసగా ఉన్నాయి, తన అట్ట కిటికీ కింది అంచుని వాటికి ఆనించి "అన్నీ ఒకే బల్ల మీద కూర్చున్నాయి" అంది. మేం అందరం మా కిటికీలు ఆనించి చూశాం, నిజమే, పైన ఎంత బుడిపెలు బుడిపెలుగా ఉన్నా అడుగు మాత్రం చదునుగా, అన్నిటిదీ ఇంచుమించు ఒకే ఎత్తులో.

ఎందుకో చెప్పడానికి ఆ మధ్యాహ్నం లోపల రెండు పనులు చేశాం. చల్లటి గాజు మీద ఊదడం, ఊదగానే తెల్లగా మసక, కాసేపటికి మాయం. తర్వాత కెటిల్ మరిగించి, పిల్లల్ని దూరంగా కూర్చోబెట్టి, మూతి దగ్గర జాగ్రత్తగా చూడమన్నాను. మూతిని ఆనుకుని కొంచెం ఖాళీ ఉంటుంది, అక్కడ ఏమీ కనపడదు, తెల్లపొగలాంటిది ఆ తర్వాతే మొదలవుతుంది. ఆ ఖాళీలో ఉన్నదే అసలు ఆవిరి, ఆవిరి కంటికి కనపడదు, చల్లబడి బొట్లుగా మారాకే తెల్లగా కనిపిస్తుంది. నేలమీద వేడెక్కిన గాలి ఆవిరిని మోసుకుని పైకి పోతుంది, మబ్బు కట్టనంతవరకు కిలోమీటరుకి దాదాపు 10 డిగ్రీలు చల్లబడుతుంది, ఒక ఎత్తుకి చేరాక ఆవిరి బొట్లు కట్టడం మొదలవుతుంది, ఆ ఎత్తే మబ్బు అడుగు. పిల్లలకి డిగ్రీలు చెప్పలేదు, "కనపడని నీళ్ళు కనపడటం మొదలయ్యే మెట్టు" అన్నాను, పాప వెంటనే "బల్ల" అని సరిచేసింది. సరే, బల్లే.

దీనికి పెయింటింగ్ పద్ధతి ఒకటి కుదిరింది. కాగితానికి పల్చగా నీలం రంగు పూసి, అది తడిగా ఉండగానే కింద అడ్డంగా ఒక అట్టముక్క పెట్టి, ఉండచుట్టిన టిష్యూతో దాని పైన అద్దాలి. టిష్యూ రంగుని పీల్చుకున్నచోట తెల్లగా మబ్బు వస్తుంది, అట్ట తీసేస్తే అడుగు చదునుగా ఉంటుంది. మబ్బుని వేయడం కాదు, రంగు తీసి మబ్బు తేవడం. పిల్లలు ఒక్కొక్కరు ఐదారు కాగితాలు చేశారు, ఆపడం కష్టమైంది.

9వ రోజు

సీసాలో మబ్బు. గాజు జాడీలో అడుగున వేడినీళ్ళు, పైన పళ్ళెంలో ఐస్. మొదటిసారి దాదాపు ఏమీ రాలేదు, పిల్లల మొహాలు వాడిపోయాయి. రెండోసారి అగ్గిపుల్ల వెలిగించి ఆర్పి ఆ పొగ కొంచెం లోపలికి పోనిచ్చి వెంటనే ఐస్ పళ్ళెం మూసేస్తే తెల్లగా సుళ్ళు తిరుగుతూ వచ్చింది. తేడా పొగదే, ఆవిరి బొట్టు కట్టడానికి పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి, ఆకాశంలో ఆ పని దుమ్ము, పొగ, సముద్రపు ఉప్పు రేణువులు చేస్తాయి. అగ్గిపుల్ల, వేడినీళ్ళు రెండూ పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి. పళ్ళెం ఎత్తితే మబ్బు బయటికి వచ్చేస్తుంది, దాన్ని పట్టుకోవాలని అందరూ చేతులు పెట్టారు, తడి తగిలిందని ఇద్దరు చెప్పారు.

11వ రోజు

"మబ్బు కింద ఎందుకు పడదు?" ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని తెలుసు, "అది తేలిగ్గా ఉంటుంది" అని చెప్పేస్తారు చాలామంది, అది సగం అబద్ధం. ఒక కిలోమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న కుప్ప మబ్బులో, ఘనమీటరుకి అర గ్రాము నీళ్ళు అనుకుంటే మొత్తం 500 టన్నులు. ఐదు టన్నుల ఏనుగులు వంద. వంద ఏనుగులు అనగానే క్లాసు మొత్తం లేచి నిలబడింది, ఆరోజు బొమ్మల్లో మబ్బుల నిండా ఏనుగులే.

మరి పడదేం అంటే, ఆ నీళ్ళన్నీ ఒక్కచోట లేవు. ఒక్కో బొట్టు మిల్లీమీటరులో యాభయ్యో వంతు, అంత చిన్నది సెకనుకి సెంటీమీటరు చొప్పున నింపాదిగా దిగుతుంది, కింద నుంచి వచ్చే గాలి అంతకంటే జోరుగా పైకి తోస్తుంది. మామూలు వానచుక్క ఒకటి తయారవ్వాలంటే అలాంటి బొట్లు పది లక్షల దాకా కలవాలి. ఎండ పడే కిటికీ దగ్గర దుమ్ము రేణువులు తేలడం చూపించి, పక్కనే గులకరాయి వదిలాను. ఆ తర్వాత ఎక్కువ మాటలు అవసరం రాలేదు.

12వ రోజు

నల్లమబ్బులు. "మురికి పట్టింది", "పొగ ఉంది", "నల్ల నీళ్ళు ఉన్నాయి", ఇవీ జవాబులు. ట్రేసింగ్ కాగితాలు కిటికీకి ఆనించి ఒకటి, రెండు, ఐదు, పది అలా పెంచుతూ పోయాం, కాగితం అదే తెల్ల కాగితం, దొంతర మందం అయ్యేకొద్దీ వెలుతురు తగ్గి నల్లబడుతుంది. మందమైన మబ్బు కింద నిలబడితే నల్లగా కనిపిస్తుంది, అదే మబ్బు పక్కనుంచి ఎండ పడితే తెల్లగా మెరుస్తుంది. ఒకడు దొంతరని తిప్పి లోపలి వైపు నుంచి, కిటికీ వైపు నుంచి మార్చి మార్చి చూస్తూ చాలాసేపు అక్కడే ఉండిపోయాడు, వాడిని పిలవలేదు.

వాన వస్తుందా రాదా అని చెప్పడం కూడా మొదలుపెట్టారు, గోడమీద టిక్కులు. నల్లగా ఉన్న నాలుగు రోజుల్లో రెండు రోజులే వాన పడింది. మబ్బుల్లో నీళ్ళు చూసి ముంత ఒలకబోసుకున్నట్టు అని మా అమ్మ అనే సామెత చెప్పాను, ముంత అంటే ఏంటని అడిగారు, అదో పది నిమిషాలు.

13వ రోజు

ఆకాశంలో ఎంత భాగం మబ్బు ఉందో కొలవడం. వాతావరణ కేంద్రాల్లో ఆకాశాన్ని ఎనిమిది భాగాలుగా అనుకుని లెక్క చెప్తారు, ఏమీ లేకపోతే 0, పూర్తిగా కప్పేస్తే 8. గుండ్రటి కాగితం మూడుసార్లు మడిస్తే ఎనిమిది ముక్కలు వస్తాయి కాబట్టి ఐదేళ్ళ వాళ్ళకి కూడా కుదిరింది, ఎన్ని ముక్కలు మబ్బో అన్నిటికి రంగు వేయాలి. అందరికీ ఒకే అంకె రాదు, మూడా నాలుగా అని గట్టిగా వాదించుకున్నారు, ఆ వాదన కోసమే ఇది చేయించాను, ఎందుకంటే వాదించాలంటే మళ్ళీ చూడాలి. మబ్బు లేని రోజుల్లో ఖాళీ గుండ్రం కూడా తేదీ వేసి అతికిస్తున్నాం.

మబ్బుల్లో కుందేలు, ఏనుగు వెతకడం పక్కదారి అనుకుని మొదటి వారం ఆపాను. ఆపకుండా ఉండాల్సింది. పిల్లలు ఒకే మబ్బుని ఎక్కువసేపు చూసేది ఆ ఆటలోనే, ఇప్పుడు "తొండం ఎటు పోయింది, ముందు ఏది కరిగింది, చెవా కాలా?" అని అడుగుతున్నా. బిల్డింగ్ మూలకి ఆనించి చూస్తే మబ్బు కదలడం తెలుస్తుంది, అలా చూస్తూ ఒక పాప పైన పల్చటివి ఒకవైపు, కింద కుప్పలు ఇంకోవైపు పోతున్నాయని కనిపెట్టింది. పైన గాలి వేరు, కింద గాలి వేరు. దానికి నేను ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

15, 16 రోజులు

పేర్లు. ఇప్పటికి వాళ్ళ దగ్గర మూడు పేర్లు ఉన్నాయి, కుప్ప మబ్బు, దుప్పటి మబ్బు, ఇంకోటి చాలా ఎత్తులో సన్నగా గీకినట్టు ఉండేది, దానికి జుట్టు మబ్బు అని పెట్టారు. ఈ మూడోది గీయడానికి నీలం సుద్ద కాగితమంతా పూసి రబ్బరుతో చివర వంకీ తిరిగేలా లాగితే బాగా వస్తుంది.

అప్పుడు లూక్ హోవర్డ్ కథ చెప్పాను. లండన్‌లో మందులు తయారుచేసే ఆయన, మబ్బులంటే ఇష్టం, 1802 డిసెంబర్‌లో కొంతమంది మిత్రుల ముందు నిలబడి మబ్బులకి పేర్లు పెడుతూ ఒక ప్రసంగం చేశాడు. లాటిన్‌లో పెట్టాడు, క్యుములస్ అంటే కుప్ప. స్ట్రాటస్ అంటే పొర, పరిచినది. సిర్రస్ అంటే జుట్టు వంకీ. నేను ఒక్కొక్కటి చెప్తుంటే పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. "మనవే!" అని అరిచింది బల్ల కనిపెట్టిన పాప. మూడు వారాలు నోరు కట్టుకున్నందుకు నాకు దొరికింది అదే, కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. నింబస్ అంటే వాన మబ్బు అని నాలుగోది కూడా చెప్పాను. ఇప్పుడు ప్రపంచమంతా వాడే లెక్కలో ముఖ్యమైన రకాలు పది ఉన్నాయి, అవన్నీ ఈ నాలుగు మాటల చుట్టూనే అల్లినవి, కానీ ఈ వయసుకి మూడు నాలుగు చాలు.

కానిస్టేబుల్ అనే చిత్రకారుడి సంగతి కూడా చెప్పాను, ఆయన 1821, 1822లో లండన్ పక్కన హాంప్‌స్టెడ్‌లో కూర్చుని ఒట్టి ఆకాశాలే బోలెడు గీశాడు, చాలావాటి వెనక తేదీ, టైము, గాలి ఎటు నుంచి వీస్తోందో రాసుకున్నాడు. మేం మొదటి రోజు నుంచి తేదీ మాత్రమే వేస్తున్నాం, ఇప్పటి నుంచి టైము, గాలి బాణం గుర్తు కూడా. రాయడం రాని వాళ్ళు బాణం గీస్తారు.

18వ రోజు

మళ్ళీ కర్టెన్లు వేసి, తెల్ల కాగితం, నీలం కాగితం, బూడిదరంగు కాగితం మూడూ మధ్యలో పెట్టి "ఒక మబ్బు గీయండి" అన్నాను. ఏడుగురు "ఏ మబ్బు?" అని అడిగారు. తెల్ల కాగితం తీసుకున్నది ఇద్దరే. ఒకడు బూడిదరంగు కాగితం మొత్తం పూసేసి, కింద చిన్నగా తనని గీసుకున్నాడు, నీడ లేకుండా. ఆరో రోజు "మనం మబ్బు కింద ఉన్నాం" అన్నది వీడే.

అందరిలో చిన్నది, ఐదేళ్ళది, మళ్ళీ అదే గుండ్రాల మబ్బు నీలం గీతతో గీసింది, కళ్ళు, నవ్వు అన్నీ ఉన్నాయి. పాత కాగితం తీసి పక్కన పెట్టి చూశాను. ఈసారి మబ్బు పేజీ మధ్యలో ఉంది, అడుగు గీత స్కేలు పెట్టినంత చదునుగా ఉంది. వెనక తిప్పితే బాణం. గాలి ఎటు నుంచి అని అడిగితే కర్టెన్ కొంచెం తొలగించి, బయటికి చూసి, బాణం కొట్టేసి ఇంకోవైపు గీసింది.

ఇంకా మిగిలినవి: ఉరుముల మబ్బు గీయలేదు, ఉరుము వినపడితే లోపలికి అనే రూల్ ఉంది కాబట్టి అది కిటికీలోంచే గీయాలి. పొద్దున్నే నేలమీద పొగమంచు పట్టిన రోజు ఒకటి దొరికితే దుప్పటి మబ్బు లోపలికి నడిచి వెళ్ళొచ్చు, దాని కోసం చూస్తున్నాం. నీలం చార్ట్ కాగితం అయిపోయింది, ఇంకో పది షీట్లు తేవాలి.